స్టోరు సారు రుమాలు

మా ఆయన మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఆయన తాగడు, పేకాడడు, జీతం నేరుగా ఇంటికే తెస్తాడు. అందువల్ల ఈ ఫిర్యాదు ఎవరికి చెప్పుకున్నా చివరికి నాకే బుద్ధి చెప్పి పంపుతారు. అయినా చెబుతాను. ఆయన ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకూ ఎల్లో పెయింటుతో చుక్క పెడతాడు.

బకెట్టుకు అడుగున, గొడుగుకు పిడి మీద, గరిటెకు తోక మీద, ఇస్త్రీపెట్టెకు పక్కన. చీపురుకట్టకు కూడా.

"చీపురు ఎవడు ఎత్కపోతడండి?" అని అడిగాను ఒకసారి.

"ఎత్కపోయెటోడు చెప్పి పోతడా?" అని నన్నే ఎదురడిగాడు.

నా మీద మాత్రం ఇంతవరకూ చుక్క పెట్టలేదు. మెడలో పుస్తెలతాడు ఉంది కదా, సరిపోతుందనుకుని ఉంటాడు.

నిజానికి తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. పటాన్‌చెరులో వాల్వులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో వెంకటేశంగారు, అంటే మా ఆయన, స్టోర్ ఇన్‌చార్జి. స్టోరులోకి వచ్చిన ప్రతి సామానుకూ ఆయన చేతి చుక్క పడాల్సిందే. ఆ పద్ధతి ఆయన కనిపెట్టిందే. సాయంత్రం షిఫ్టు వదిలే వేళ గేటు దగ్గర నిలబడి పనివాళ్ళ టిఫిన్ డబ్బాలు తెరిపించి చూసేదీ ఆయనే. రోజంతా లోకం డబ్బాలు చూసి వచ్చిన మనిషి, ఇంటికొచ్చాక నేను మూత పెట్టిన గిన్నెను ఎత్తి చూడకుండా ఉంటాడా?

పాలవాడి మీద అనుమానం, గ్యాసు బండ మీద అనుమానం. ఇవి అందరికీ ఉండేవే. కానీ రెండువేల ఐదులో దసరా పోయాక, ముసురు పట్టి వాన వదలకుండా కురుస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతూ కొత్త అనుమానం ఒకటి తెచ్చాడు.

"ఇయ్యాల కంపెనీ బస్సు వైపర్ పనిచేసింది."

"మంచిదే గదండి."

"ఏం మంచిది? వానకాలమంత పనిచెయ్యలే. క్లీనరు కిటికీలకెల్లి చెయ్యి పెట్టి గుడ్డతోని తుడుసుకుంట వచ్చిండు. ఇయ్యాల ఉన్నట్టుండి ఎందుకు పనిచెయ్యాలె?"

పనిచేయని వస్తువును ఎవరైనా అనుమానిస్తారు. పనిచేసేదాన్ని అనుమానించాలంటే మా ఆయనంత అనుభవం కావాలి.

ఇలాంటి మనిషి ఇంట్లో, వెనక రేకుల షెడ్డులో, హైస్కూలు పిల్లలను కూర్చోబెట్టుకుని రోబో చేయించాలని నాకెందుకు బుద్ధి పుట్టిందంటే, దానికి రాధమ్మ టీచరు కారణం. ఆమె మా బీరంగూడ వైపు హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్. సైన్సు సారు బదిలీ అయి వెళ్ళిపోతే, ఆయన కుర్చీ ఒక్కటే మిగిలింది. అదే సమయానికి సంగారెడ్డి రోడ్డులోని ఒక ఇంజినీరింగ్ కాలేజీవాళ్ళు హైస్కూళ్ళకు రోబోల పోటీ పెడుతున్నామని కబురు చేశారు. బండి టెన్నిస్ బంతిని నెట్టుకుంటూ పోవాలి, మలుపు తిరగాలి, బంతిని ఒక డబ్బాలో వేయాలి. అంతే పని.

రాధమ్మ టీచరు నన్ను కూరగాయల అంగట్లో పట్టుకుంది.

"కౌసల్యా, నువ్వు ఫిజిక్సుల బీఎస్సీ చేసినవ్ గదా?"

"చేసిన టీచర్. గిప్పుడు దాంతోని పాలు పొంగకుంట చూసుకుంటున్న."

"పిల్లలకు జెర చూపియ్యరాదు? మా బడిల సైన్సు సారు కుర్చీ తప్ప ఇంకేం లేదు."

కుర్చీని పోటీకి పంపలేం కాబట్టి ఒప్పుకున్నాను.

జట్టులో నలుగురు. అసలు బుర్ర మొగులమ్మది. పదో తరగతి. నాయనమ్మ పేరు పెట్టారు, నాయనమ్మ గాంభీర్యం కూడా దానితోపాటే వచ్చింది. ఆ పిల్ల నవ్వగా ఎవరూ చూడలేదు. వాళ్ళ నాన్న యాదన్న మా ఆయన స్టోరులోనే సామాన్లు ఎత్తి దించే కంట్రాక్టు పనివాడు. రెండోవాడు శ్రీశైలం, వడ్లవాళ్ళ, అంటే వడ్రంగుల పిల్లాడు, రంపం పట్టడం తెలిసినవాడు. మిగిలిన ఇద్దరూ పట్టుకోమన్నది పట్టుకుని, వదలమన్నప్పుడు వదిలేవాళ్ళు. ఏ జట్టుకైనా అసలు బలం అలాంటివాళ్ళే.

చక్రాలు శ్రీశైలం చెక్కతో కోసుకొచ్చాడు. టైర్ల కోసం కాలనీలో ఇల్లిల్లూ తిరిగి పాత కుక్కర్ల గాస్కెట్లు అడుక్కొచ్చి చక్రాలకు తొడిగాం. ఎవరో మూల పడేసిన స్కూటరు బ్యాటరీ, టెలిఫోను వైరు దొరికాయి. కాలింగ్ బెల్లు స్విచ్చులు బిగించిన సబ్బు డబ్బాయే రిమోటు. మొదట్లో ముందుకు పొమ్మంటే వెనక్కి పోయేది, ఎడమకు తిప్పితే కుడికి తిరిగేది. బండికి పేరు పెట్టమని పిల్లలు అడిగారు. నా మనసులో ఒక పేరు ఉంది కానీ, అత్తమ్మ పుష్పమ్మగారు షెడ్డు గుమ్మంలోనే పీట వేసుకుని ఆకువక్క నములుతోంది. ఊరుకున్నాను.

పిల్లలు రావడం మొదలవగానే మా ఆయన తన స్క్రూడ్రైవర్లకూ పట్టకారుకూ పాత చుక్కల మీద మళ్ళీ తాజాగా చుక్కలు పెట్టాడు. పిల్లలు ఇళ్ళకు పోయే వేళకు గుమ్మం దగ్గరకొచ్చి నిలబడేవాడు. ఏమీ అనడు, నిలబడతాడంతే. శ్రీశైలం తనంతట తానే టిఫిన్ డబ్బా తెరిచి చూపించి పోయేవాడు.

అత్తమ్మకు చిరాకేసింది. "ఏందిరా ఎంకటేశం, గిది ఇల్లా, మీ గేటా?"

"నువ్వూకో అమ్మా. లోకం నీకు తెల్వది."

"నిన్ను కన్నదాన్ని, ఇంకేం తెల్వాలె?" అని ఆమె ఆకులో సున్నం రాసుకుంది.

అసలు చిక్కు మోటార్ల దగ్గర వచ్చింది. బండికి రెండు కావాలి, ఒక్కో చక్రానికి ఒకటి. లారీలకు, బస్సులకు అద్దం తుడిచే వైపరును ఆడించే మోటరైతే బలం ఉంటుంది, మా బ్యాటరీతో నడుస్తుంది. ఒకటి మా తమ్ముడి పాత వ్యానుది దొరికింది. ఒక్క మోటరుతో బండి ఉన్నచోటే గిరగిరా తిరిగేది తప్ప గడప దాటేది కాదు.

"మా నాయిన తెస్తనన్నడు మేడం," అంది మొగులమ్మ.

దసరా అయిన తర్వాతి వారం యాదన్న గోనెసంచిలో చుట్టి నిజంగానే ఒకటి తెచ్చాడు. షెడ్డు లోపలికి రాకముందే నా వెనక ఎవరున్నారా అని చూశాడు.

"సార్ ఇంట్ల లేడు గదా మేడం?"

"డ్యూటీల ఉన్నడు. యాడ దొరికింది యాదన్నా?"

"దొరికింది తీయుండ్రి. మంచిగ తిరుగుతది, సూడుండ్రి."

"అదే, యాడ?"

"ఉన్నకాడ దొరికింది," అని నా ముఖం చూడకుండా సంచి దులుపుకుని వెళ్ళిపోయాడు. నిలబెట్టి చాయ్ ఇద్దామన్నా ఆగలేదు.

మోటరు బిగించాం. మొగులమ్మ స్విచ్చులు రెండూ నొక్కింది. బండి మొదటిసారి గిరగిరా తిరగకుండా షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోయి, అత్తమ్మ పీటకు తగిలి ఆగింది. పిల్లలు కేకలు పెట్టారు. మొగులమ్మ మాత్రం నవ్వకుండా, నమ్మకం కుదరనట్టు మళ్ళీ నొక్కి చూసింది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. బండిని చూశాడు, వంగి చూశాడు, టార్చిలైటు తెమ్మన్నాడు. కొత్త మోటరు పక్కన, గ్రీజు కింద, బొటనవేలి గోరంత ఎల్లో మచ్చ. నూనెలో తడిసి గట్టిపడి ఉంది.

"ఇది నాది," అన్నాడు.

"ఏది?"

"గీ మోటరు. నా చుక్క నేను గుర్తుపట్టనా? నేను జోగిపేటల పెండ్లికి పోయొచ్చినకాడి నుంచి స్టోర్ల వైపర్ మోటరు ఒకటి కనవడతలేదు. రోజు ర్యాకులన్ని ఎతుకుతున్న. ఎవడు తెచ్చిండు దీన్ని?"

నేను వెంటనే చెప్పలేదు. చెప్పకపోవడం చూసి ఆయనే చెప్పాడు.

"యాదన్న."

"ఎల్లో రంగు లోకంల మీ డబ్బాలనే ఉన్నదా అండి?"

ఆయన తెల్ల రుమాలు తీసి, కిరోసిన్‌లో ఒక మూల ముంచి, ఆ మచ్చను రుద్దాడు. సగం మచ్చ రుమాలుకు ఎక్కింది. దాన్ని మడిచి పాలిథీన్ కవర్లో పెట్టి, "ఎవిడెన్సు," అన్నాడు. "సోమారం మేనేజరు ముంగట పెడ్త."

అలా పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. యాదన్నను ఈసారి పర్మినెంటు చేస్తామని మేనేజరు నోటి మాటగా చెప్పి ఉన్నాడు. కంట్రాక్టరు చేతి కింద ఏళ్ళ తరబడి మూటలు మోసింది ఆ మాట కోసమే. దొంగ అని ఒక గేటు మూసుకుంటే పటాన్‌చెరు నుంచి కాజీపల్లి దాకా ఇంకో గేటు తెరుచుకోదు. సోమవారం పొద్దున్న ఆ రుమాలు మేనేజరు బల్ల మీద పడితే యాదన్న పని అయిపోయినట్టే.

"ఐతారం పోటీ ఉంది. గప్పటిదాక ఆగుండ్రి. పిల్లల బండిల కెల్లి మోటరు పీక్కపోతరా ఏంది?" అన్నాను.

ఆయన ఆలోచించి ఒప్పుకున్నాడు. షరతులు ఉన్నాయి. షెడ్డు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. పిల్లలు పనిచేసేటప్పుడు ఆయన కూర్చుంటాడు. పోటీకి మోటరుతోపాటు ఆయనా వస్తాడు.

"మోటరు మార్చేస్తరని భయమా?"

"నేనెవరినీ అంటలేను," అన్నాడు. అంటే అందరినీ అన్నట్టే. నాతో కలిపి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన అంత గట్టిగా అనేసరికి నాకూ లోపల పురుగు తొలిచింది. సార్ ఇంట్లో లేడు కదా అని యాదన్న ఎందుకు అడిగాడు? ఎక్కడిదంటే ముఖం ఎందుకు తిప్పుకున్నాడు? మర్నాడు మొగులమ్మను పక్కకు పిలిచి అడిగాను.

"మీ నాయినకు గా మోటరు యాడిది బిడ్డా?"

ఆ పిల్ల తీగ చివర గీకుతూ కూర్చుంది. "తెల్వది మేడం. ఐతారం ఐతారం యాడికో పోతడు. ఎవ్వలడిగినా ఇంట్లనే ఉన్నడని చెప్పమన్నడు."

"ఎన్నడన్న నువ్వు అడిగినవా?"

"అడిగిన. నీ బండి నడిస్తే చాలు గదా అన్నడు." నా వైపు చూసింది. "ఎందుకడుగుతున్నరు మేడం? సార్ ఎందుకు గీడ్నే కూసుంటున్నడు?"

ఏమీ లేదన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. ఆ సాయంత్రం యాదన్న కూతురిని తీసుకుపోవడానికి వచ్చి వెళ్ళాక, నా చిన్న స్క్రూడ్రైవరు కనపడలేదు. షెడ్డంతా వెతికాను. చివరికి అత్తమ్మ నా కొప్పులో నుంచి లాగి చేతిలో పెట్టింది. అనుమానం గజ్జి లాంటిది, పక్కన పడుకున్నా అంటుతుంది.

రుమాలు కవరును ఆయన బీరువా మీద పెట్టాడు. రోజూ పొద్దున్నే ఉందో లేదో చూసుకుని డ్యూటీకి పోయేవాడు. రెండు రోజులు నేనూ కింద నుంచి చూశాను. మూడో రోజు స్టూలు వేసుకుని దించాను. ఇంటిల్లిపాది బట్టలు ఉతికే మనిషిని, మరకలతో నాకు చుట్టరికం ఉంటుంది. దీన్ని ఎక్కడో చూశాను. వాసన చూస్తే కిరోసిన్ తప్ప ఏమీ తెలియలేదు. అప్పుడు రుమాలు అంచు నుంచి రంగు ఎక్కిన దారం ఒక్కటి లాగి, పెరట్లోకి పోయి, బట్టల సబ్బు మీద రుద్దాను.

దారం ఎర్రబడింది.

నేను బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయాను. పెయింటు ఎర్రబడదు. పసుపు ఎర్రబడుతుంది. నా పెళ్ళినాటి జాకెట్టు నుంచి మొన్నటి బోనాల చీర దాకా ఎన్ని మరకలు చూడలేదు! దసరాకు బండ్లకూ మిషన్లకూ పసుపు కుంకుమ పెట్టని షెడ్డు ఈ రోడ్డు మీద ఒక్కటీ ఉండదు. కుంకుమ రాలిపోయి, పసుపు నూనెలో నాని, గ్రీజు కింద దాక్కుంది. మా ఆయన ఒక్కరోజు తన బనీను తాను ఉతుక్కుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

కవరు ఎప్పటిలా బీరువా మీద పెట్టేశాను. చెప్పవచ్చు కదా అంటారు. చెబితే ఆయన ఏమంటాడో నాకు ముందే వినిపించింది: "నువ్వేదో కలిపినవ్." మా ఆయన లోకంలో ఒక్క మనిషి చేతినే నమ్ముతాడు, అది తన చేయి. కాబట్టి ఆ సబ్బు ఆయనే రుద్దాలి, నలుగురి ముందు రుద్దాలి. పైగా మచ్చ ఆయనది కాదని తేలినా, యాదన్న ఆదివారాలు ఎక్కడికి పోతున్నాడో, స్టోరు మోటరు ఎటు పోయిందో నాకు తెలియదు. తెలియనిదాన్ని పట్టుకుని మొగుడితో వాదిస్తే గెలవలేం. తెలిసినదాన్ని పట్టుకుని వాదించినా గెలవలేం, అది వేరే సంగతి.

ఆదివారం ట్రాలీ ఆటోలో బయలుదేరాం. మా ఆయన బండి పక్కనే కూర్చుని, దొంగను కోర్టుకు తీసుకుపోయే కానిస్టేబులులా మోటరు మీద చేయి వేసుకుని వచ్చాడు. కవరు చొక్కా జేబులో ఉంది. రాధమ్మ టీచరు ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా దండం పెట్టుకుంది. యాదన్న ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కాలేజీ గేటు దగ్గర ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. మా ఆయనను చూడగానే చేతులు కట్టుకున్నాడు.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడు మా ఆయన.

"నా బిడ్డ బండి సార్."

"బండి ఆమెదే," అన్నాడు మా ఆయన, మోటరు మీద చేయి తీయకుండా.

లోపల హైదరాబాదు స్కూళ్ళ పిల్లలు అట్టపెట్టెల నుంచి నిగనిగలాడే బండ్లు తీస్తున్నారు. వాటికి తీగలు కూడా లేవు. మా బండిని చూసి ఒక పిల్లాడు "ఇది కుక్కరా ఆంటీ?" అని అడిగాడు. "అవును, విజిలొక్కటే రాదు," అన్నాను. అంతలో షీల్డులు ఇవ్వడానికి పిలిచిన పెద్దమనిషి కారు దిగాడు. మా ఆయన ఫ్యాక్టరీ మేనేజరే.

మా ఆయన నా చెవి దగ్గర గొణిగాడు. "సోమారం దాక ఎందుకు? భోజనాలైనంక గీడ్నే చెప్పేస్త."

నేను ఆయన చొక్కా జేబు వైపు చూశాను.

మా వంతు వచ్చింది. మొగులమ్మ సబ్బు డబ్బా పట్టుకుని గీత దగ్గర నిలబడింది. బండి బంతిని నెట్టుకుంటూ బాగానే పోయింది. మలుపు దగ్గర ఒక గాస్కెట్టు జారి ఊడిపోయింది, చక్రం బోసిగా గీరుకుంటూ ఒక పక్కకు లాగింది. ఆ పిల్ల ఆగలేదు. కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు, మొండి ఎద్దును తిప్పినట్టు తిప్పి, బంతిని డబ్బాలో వేసింది. నిగనిగలాడే బండ్లు అప్పటికే పని ముగించుకుని కూర్చున్నాయి, కాబట్టి మాకు షీల్డు రాలేదు. కానీ చప్పట్లు మాకే ఎక్కువ వచ్చాయి. యాదన్న చప్పట్లు కొట్టడం మరిచిపోయి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని చూస్తూ నిలబడిపోయాడు.

భోజనాలయ్యాయి. క్యాంటీను వెనక నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాం. పాత సాక్సులో వేసి నల్లాకు కట్టిన బట్టల సబ్బు ముక్క వేలాడుతోంది. దాన్ని చూడగానే నాకు దేవుడు కనిపించినట్టయింది. రాధమ్మ టీచరు, మొగులమ్మ, యాదన్న అక్కడే ఉన్నారు. క్యాంటీనులో గిన్నెలు తోమే మల్లవ్వ ఒక పక్క కూర్చుని ఉంది. మా ఆయన కవరు తీసి చేతిలో పట్టుకుని, మేనేజరు కూర్చున్న గది వైపు అడుగు వేశాడు.

"జెర ఆగుండ్రి," అన్నాను గట్టిగానే. "గా రుమాలు మీదున్నది పక్కా పెయింటేనా?"

"పక్కా. నా డబ్బా పెయింటు."

"మేనేజరు సార్ చూసి, ఏంది వెంకటేశం, పప్పు మరక తెచ్చినవా అంటే ఏం చెప్తరు?"

ఆయన ఆగాడు. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది.

"పెయింటైతే సబ్బుకు పోతదా?" అన్నాను.

"రాయితోని గీకినా పోదు."

"గట్లయితే అదే చూపియ్యుండ్రి. సబ్బు పెట్టినా పోలేదని చెప్పొచ్చు."

అనుమానంగా చూశాడు. "నువ్వు రుద్దుతనంటవా?"

"నేను ముట్టుకోను. నా చేతులు ఎనకకు కట్టుకుంట, చూడుండ్రి. మీరే రుద్దుండ్రి."

రుమాలు తీశాడు, తడిపాడు, సబ్బు సాక్సు పట్టుకుని గట్టిగా రుద్దాడు. మచ్చ పోలేదు. ఎర్రబడింది. ఆయన ఇంకొంచెం రుద్దాడు. ఇంకా ఎర్రబడింది. పెళ్ళికూతురి పాదాలకు పారాణిలా రుమాలు మూలంతా ఎర్రగా విచ్చుకుంది.

"ఇదేంది?" అన్నాడు మా ఆయన. సబ్బును చూశాడు, నల్లాను చూశాడు, చివరికి నన్ను చూశాడు. నా చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

మల్లవ్వ గిన్నె కింద పెట్టి నవ్వింది. "అయ్యో సారూ! పసుపు మరకకు సబ్బు తాకితే ఎర్రగ గాదా? మీ ఇంట్ల బట్టలెవలు ఉతుకుతరు?"

రాధమ్మ టీచరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొగులమ్మ కూడా "పసుపే సార్," అంది. అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలిసిన విషయం ఆయనొక్కడికే తెలియలేదు.

యాదన్నకు మాత్రం నవ్వు రాలేదు. రుమాలును, మా ఆయనను మార్చి మార్చి చూశాడు. అన్ని రోజులూ షెడ్డులో స్టోరు సారు ఎందుకు కాపలా కూర్చున్నాడో అతనికి అప్పుడు అర్థమైంది.

"నా మీదనా సార్?" అన్నాడు.

మా ఆయన నల్లా కట్టేశాడు.

"నా బిడ్డ ముంగట అడుగుతున్న సార్, నేను దొంగతనం చేసిన అనుకున్నరా?"

"మరి యాడిదో ఎందుకు చెప్పలే?" అన్నాను, ఆయన అడగాల్సింది నేనే అడుగుతూ.

"ఎట్ల చెప్త మేడం? ఐతారాలు లారీ షెడ్డుల బండ్లు కడుగుతున్న. సెలవునాడు బయట పనిచేస్తే కంట్రాక్టరు తీసేస్తనన్నడు. సారుకు తెలిస్తే ఆయినకు చెప్తడని భయం." కూతురి వైపు తిరిగాడు. "మేస్త్రితోని, నాకు కూలొద్దు, తుక్కు లారీది వైపర్ మోటరు ఇయ్యి, నా బిడ్డ బండికి అన్న. మేస్త్రి దసరనాడు షెడ్డుల ప్రతిదానికి పసుపు పెట్టిండు. తుక్కుకు గూడ. వద్దంటే, గదీ ఒకప్పుడు నడిచిన బండే గదరా అన్నడు."

మా ఆయన రుమాలును మడవబోయాడు. తడిది జేబులో పెట్టుకోలేక చేతిలోనే ఉంచుకున్నాడు.

"సరే, గది పసుపే," అన్నాడు. "మరి నా మోటరేది?"

చూడండి, ఈయనతో నా కాపురం! మేనేజరు దగ్గరకు పోలేదు, అదొక్కటే మేలు. కానీ పురుగు ఇంకా చావలేదు. మనిషిని కూతురు ముందు నిలబెట్టి సగం విడిచిపెట్టడం, పూర్తిగా పట్టుకోవడం కంటే హీనం.

పోయేటప్పుడు వాన అందుకుంది. పిల్లలు బండితో తడుస్తారని మేనేజరు తానే కంపెనీ బస్సు పిలిపించి, బీరంగూడలో దింపి రమ్మన్నాడు. డ్రైవరు ఐలన్న. మా ఆయన అలవాటు ప్రకారం ముందు సీట్లో కూర్చున్నాడు, ఆయన పక్కన నేను. యాదన్న అడగకుండానే చివరి సీటుకు పోయాడు. ఒళ్ళో రోబో, పక్కన మొగులమ్మ.

రోడ్డెక్కగానే వాన పెరిగింది. ఐలన్న మీట నొక్కాడు. ఎదురుగా అద్దం మీద వైపరు ఈ పక్క నుంచి ఆ పక్కకు చక్కగా తుడవడం మొదలుపెట్టింది. నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను. చెప్పులు విప్పుతూ మా ఆయన అన్న మాట ఎక్కడి నుంచో వచ్చి చెవిలో పడింది. ఉన్నట్టుండి ఎందుకు పనిచెయ్యాలె?

"ఐలన్నా," అన్నాను, "వైపరు మంచిగ నడుస్తున్నదే. ఎన్నడు బాగైంది?"

"కొత్త మోటరేసిన గదమ్మా. సార్ పెండ్లికి పోయిన్నాడు షిఫ్టు సారు స్టోర్లకెల్లి తీసిచ్చిండు."

మా ఆయన మెడ ముందుకు సాగింది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్పిన గద సార్! మీరు బస్సెక్కంగనే, సార్ వైపర్ చూడుండ్రి అన్న. మీరు నన్నే గుడ్లురిమి చూసిండ్రు. ఏమో, కోపంల ఉన్నడేమోనని ఊకున్న."

వైపరు అటు పోయింది, ఇటు వచ్చింది. ఆయన రోజూ ఇంటికి వచ్చింది ఈ బస్సులోనే, కూర్చున్నది ఈ సీట్లోనే. ర్యాకులన్నీ వెతికిన మోటరు తన ముక్కు ముందే రోజూ వాన తుడుస్తూ వచ్చింది.

నేను కిటికీ వైపు తిరిగాను. ఇలాంటప్పుడు మొగుడి ముఖం చూడకూడదు, చూస్తే నవ్వొస్తుంది.

కాసేపటికి ఆయన లేచాడు. పై కడ్డీ పట్టుకుని, బస్సు కుదుపుకు ఊగుతూ వెనక్కి తిరిగాడు. ఇంకో చేతిలో ఆ ఎర్ర రుమాలు.

"యాదన్నా," అన్నాడు.

యాదన్న లేవబోయాడు. ఒళ్ళో బండి ఉంది.

"కూసో, కూసో. నువ్వు ఐతారం యాడికి పోతవో నేను వినలే. నాకు తెల్వది." రుమాలును పిడికిట్లో నలిపాడు. "గా మోటరు... గది... నాది తప్పు."

ఆ చివరి రెండు మాటలూ ఇంజను మోతలో కొట్టుకుపోయాయి. ఎప్పుడూ నవ్వని మొగులమ్మ చేయి చెవి వెనక పెట్టుకుంది. పెదవి చివర ఏదో కదిలింది.

"వినవడలే సార్!"

మా ఆయన ఐలన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు, చివరికి చూడటానికి ఇంకెవరూ మిగలక యాదన్న వైపే చూశాడు. గేటు దగ్గర షిఫ్టు వదిలినప్పుడు అరిచే గొంతుతో, బస్సంతా వినపడేలా అన్నాడు.

"తప్పు నాది యాదన్నా! నీ మీద అనుమానపడ్డ, నాదే తప్పు!"